వేరే ప్రాసెస్ మెమరీని డీబగ్గర్ ఎలా చదువుతుంది? అటాచ్ అయ్యాక కూడా పీక్ చేస్తే "అలాంటి ప్రాసెస్ లేదు" అంటోంది

చిట్టిడీబగ్గర్
అందరికీ నమస్కారం. నేర్చుకోవడానికి సొంతంగా ఒక చిన్న డీబగ్గర్, అంటే వేరే ప్రోగ్రామ్‌ని ఆపి లోపల చూసే టూల్, రాస్తున్నాను. లైనక్స్, 64 బిట్, సీ భాష. ప్రోగ్రామ్‌లో రెండు థ్రెడ్లు ఉన్నాయి. ఒకటి విండో, బటన్లు చూసుకుంటుంది, రెండోది వెనకాల కూర్చుని టార్గెట్ (నేను డీబగ్ చేస్తున్న ప్రాసెస్) మెమరీ చదివి హెక్స్‌లో చూపించాలి. విండో థ్రెడ్‌లో పీట్రేస్‌తో (వేరే ప్రాసెస్‌ని ఆపి చూడనిచ్చే సిస్టమ్ కాల్) అటాచ్ అవుతున్నాను, సక్సెస్ అనే వస్తోంది. తర్వాత టార్గెట్ ఆగేదాకా ఎదురుచూసే వెయిట్‌పిడ్ కూడా పిలిచాను. ప్రాక్‌లో (ప్రాసెస్‌ల వివరాలు ఫైళ్ళుగా కనపడే డైరెక్టరీ) దాని స్టేటస్ ఫైల్ తెరిచి చూస్తే "ట్రేసింగ్ స్టాప్" అని ఉంది, అంటే టార్గెట్ నిజంగానే ఆగింది. కానీ రెండో థ్రెడ్ నుంచి పీక్ (పీట్రేస్‌తో మెమరీ చదవడం) చేయగానే ఈఎస్ఆర్‌సీహెచ్ ఎర్రర్, అంటే అలాంటి ప్రాసెస్ లేదని. ప్రాసెస్ కళ్ళ ముందే ఉంటే లేదంటుందేంటి? మూడు రోజుల నుంచి ఇక్కడే ఆగిపోయాను.

ఇంకోటి కూడా అడగాలి. ప్రతి ప్రాసెస్‌కీ సొంత పేజ్ టేబుల్ (అడ్రస్‌ని అసలు ర్యామ్ పేజీకి జోడించే పట్టిక) ఉంటుందనీ, ఒకదాని మెమరీ ఇంకొకదానికి కనపడదనీ చదువుకున్నాను. మరి డీబగ్గర్‌కి ఎలా కనపడుతోంది? నా కోడ్ పనిచేసినా చేయకపోయినా ఇది మాత్రం అర్థం కావాలి.

హెక్స్‌డంప్
వెయిట్‌పిడ్ తిరిగి వచ్చాకే పీక్ చేస్తున్నావా? అటాచ్ సక్సెస్ అయినంత మాత్రాన టార్గెట్ ఆగిపోయినట్టు కాదు. దానికి ఆగమనే సిగ్నల్ సిగ్‌స్టాప్ పంపారు, అంతే. అది ఆగేలోపు పీక్ చేస్తే ఇదే ఎర్రర్ వస్తుంది.

చిట్టిడీబగ్గర్
వచ్చాకే అన్నా. ఆ సంగతి పైన రాశాను. మధ్యలో రెండు సెకన్లు స్లీప్ పెట్టి కూడా చూశాను, అదే ఎర్రర్.

లలిత_కెర్నల్
తమ్ముడూ, జవాబు నీ పోస్టులోనే ఉంది. అటాచ్ అయింది విండో థ్రెడ్, పీక్ చేస్తోంది వేరే థ్రెడ్. లైనక్స్‌లో ట్రేసర్ అంటే ప్రాసెస్ మొత్తం కాదు, అటాచ్ పిలిచిన ఆ ఒక్క థ్రెడ్. కెర్నల్ పీక్ అందుకోగానే రెండు విషయాలు చూస్తుంది. ఈ టార్గెట్‌ని ట్రేస్ చేస్తున్నది ఇప్పుడు పిలిచిన థ్రెడ్డేనా, టార్గెట్ ఆగి ఉందా. ఈ రెండింట్లో ఏది కాకపోయినా ఈఎస్ఆర్‌సీహెచ్ ఇస్తుంది. ఎర్రర్ పేరు దారి తప్పిస్తుంది, నిజమే. "నీకు సంబంధించిన అలాంటి ప్రాసెస్ లేదు" అని చదువుకుంటే సరిపోతుంది. పీట్రేస్ కాల్స్ అన్నీ ఒకే థ్రెడ్‌లో పెట్టు, విండో థ్రెడ్ నుంచి ఆ థ్రెడ్‌కి క్యూలో పనులు పంపు. ఇంకో మాట, టార్గెట్‌లో పది థ్రెడ్లుంటే పదింటికీ విడివిడిగా అటాచ్ అవ్వాలి.

ఇక రెండో ప్రశ్న. నీ ప్రాసెస్ టార్గెట్ మెమరీని చూడలేదు అన్నది అటాచ్ అయ్యాక కూడా నిజమే. నీ పేజ్ టేబుల్‌లో ఏమీ మారదు. ఆ పని కెర్నల్ నీ తరఫున చేసి పెడుతుంది. పీక్ పిలిచినప్పుడు లోపల ఏం జరుగుతుందో వరసగా చెప్తాను, ఎందుకంటే ఇది ఒకసారి తెలిస్తే నీకు తర్వాత వచ్చే ఎర్రర్లు చాలావరకు నువ్వే ఊహించగలవు.

ముందు టార్గెట్ మెమరీ వివరాలున్న స్ట్రక్చర్ని కెర్నల్ పట్టుకుంటుంది. దాన్ని ఎమ్ఎమ్ అంటారు. దాని మ్యాప్‌కి రీడ్ లాక్ వేస్తుంది. నువ్వు ఇచ్చిన అడ్రస్ ఏ మ్యాపింగ్‌లో పడుతుందో వెతుకుతుంది, అసలు ఏ మ్యాపింగ్‌లోనూ లేకపోతే అక్కడే ఎర్రర్. ఉంటే టార్గెట్ పేజ్ టేబుల్ మెట్లు ఒక్కొక్కటీ దిగి అసలు భౌతిక పేజీ ఏదో కనుక్కుంటుంది. ఆ పేజీ ర్యామ్‌లో లేదు, స్వాప్‌లోకి వెళ్లిపోయింది అనుకో, టార్గెట్ తనే తాకితే ఎలా పేజ్ ఫాల్ట్ జరిగేదో అలాగే కెర్నల్ దాన్ని వెనక్కి తెప్పిస్తుంది. తర్వాత ఆ పేజీ మధ్యలో జారిపోకుండా రెఫరెన్స్ పట్టుకుంటుంది. 64 బిట్ మెషిన్లలో మామూలుగా ర్యామ్ అంతా కెర్నల్ సొంత అడ్రస్ స్పేస్‌లో ముందే మ్యాప్ అయి ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి నేరుగా బైట్లు కాపీ చేసి నీ బఫర్‌లో పెడుతుంది, పేజీని వదిలేస్తుంది. పేజీ అంచు దాటితే తర్వాతి 4096 బైట్లకి మళ్ళీ ఇదంతా మొదటి నుంచి.

లైనక్స్‌లో డీబగ్గర్ ఏ తలుపు తట్టినా చివరికి పేజీని వెతికి పట్టుకునే ఈ పనికే చేరుతుంది. పీఎస్ కమాండ్ వేరే ప్రాసెస్ కమాండ్ లైన్ చూపిస్తుంది కదా, ఆ అక్షరాలు కూడా ఆ ప్రాసెస్ స్టాక్‌లోనే ఉంటాయి, వాటినీ కెర్నల్ ఇలాగే చదివి ఇస్తుంది. అందుకే ఎవరైనా ఆ మ్యాప్ లాక్‌ని రాయడానికి పట్టుకుని ఇరుక్కుపోతే పీఎస్ కూడా వేలాడుతుంది.

చిట్టిడీబగ్గర్
అక్కా, పనిచేసింది!! పీట్రేస్ కాల్స్ అన్నీ ఒక థ్రెడ్‌లోకి మార్చాను, మొదటి బైట్లు తెర మీద కనపడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎల్ఫ్ (లైనక్స్ ఎగ్జిక్యూటబుల్ ఫైల్ ఫార్మాట్) హెడర్ మొదటి నాలుగు బైట్లు కరెక్ట్‌గా వచ్చాయి.

ఇప్పుడు రెండు కొత్త ఇబ్బందులు. టార్గెట్ హీప్ 64 ఎంబీ ఉంది, మొత్తం చదవమంటే కొన్ని సెకన్లు తెర కదలట్లేదు. పీక్ ఒక్కసారికి 8 బైట్లే ఇస్తోంది, లెక్క వేస్తే 83,88,608 సిస్టమ్ కాల్స్. రెండోది, కొన్ని చోట్ల పీక్ మైనస్ ఒకటి ఇస్తోంది. అది ఎర్రరా, లేక మెమరీలో నిజంగానే అన్ని బిట్లూ ఒకట్లే ఉన్నాయా? ఎలా తెలుసుకోవాలి?

హెక్స్‌డంప్
మైనస్ ఒకటి సంగతి: పీక్ పిలిచే ముందు ఎర్నోని, అంటే చివరి ఎర్రర్ నంబర్ ఉండే వేరియబుల్‌ని, సున్నా చెయ్యి. తర్వాత మైనస్ ఒకటి వస్తే ఎర్నో చూడు, ఇంకా సున్నానే అయితే అది నిజమైన డేటా. ఈ చిక్కు సీ లైబ్రరీ పెట్టిన తొడుగు వల్ల వచ్చింది. అసలు లైనక్స్ సిస్టమ్ కాల్ విలువని నాలుగో ఆర్గ్యుమెంట్ చూపించే చోట రాస్తుంది, రిటర్న్ విలువ సక్సెస్సా ఎర్రరా అన్నది మాత్రమే చెప్తుంది.

వేగం గురించి తర్వాత రాస్తాను, పని మీద ఉన్నాను.

పాతయూనిక్స్
ఒకసారికి ఒక వర్డ్ మాత్రమే ఎందుకు, టార్గెట్ ఆగే ఉండాలి అన్న పట్టుదల ఎందుకు అన్నదానికి పాత కథ ఒకటి ఉంది, చెప్పాలనిపించింది. పీట్రేస్ 1975 నాటి ఆరో ఎడిషన్ యూనిక్స్‌లోనే ఉంది. అప్పటి కెర్నల్‌లో లలిత గారు చెప్పిన పద్ధతి లేదు. వేరే ప్రాసెస్ పేజీలని బయటి నుంచి వెతికి పట్టుకునే ఏర్పాటే లేదు, ఆ ప్రాసెస్ మొత్తం డిస్క్ మీదకి స్వాప్ అయిపోయి కూడా ఉండొచ్చు. మరి ఎలా చేశారంటే, చదివే పని టార్గెట్ చేతే చేయించారు!

పేరెంట్ పీట్రేస్ పిలుస్తుంది. కెర్నల్‌లో అందరికీ ఉమ్మడిగా ఒకే ఒక చిన్న స్ట్రక్చర్ ఉండేది, అందులో ఏ పని, ఏ అడ్రస్, ఏ విలువ అని రాసి ఆగి ఉన్న చైల్డ్‌ని లేపుతుంది. చైల్డ్ లేచి, ఇంకా కెర్నల్ లోపలే ఉండి, ఆ చీటీ చూసి, తన మెమరీలో ఆ అడ్రస్ దగ్గర ఉన్న వర్డ్ తనే చదివి అదే స్ట్రక్చర్‌లో పెట్టి, పేరెంట్‌ని లేపి మళ్ళీ నిద్రపోతుంది. తన మెమరీ తనకి ఎలాగూ కనపడుతుంది కాబట్టి కొత్తగా ఏదీ మ్యాప్ చేయక్కర్లేదు. అంత చిన్న కెర్నల్‌లో, అంత తక్కువ కోడ్‌తో ఈ పని తెమిల్చారు, నాకు అది ఇప్పటికీ చాలా ఇష్టమైన ఆలోచన.

కానీ దాని జాడలు ఇంకా పోలేదు. చీటీలో ఒక్క వర్డ్‌కే చోటు కాబట్టి పీక్‌కి ఒక్క వర్డ్. చైల్డ్ ఆగి, పని కోసం ఎదురు చూస్తూ ఉంటేనే పని జరుగుతుంది కాబట్టి ఆగి ఉండాలన్న నియమం. ఈరోజు లైనక్స్ కెర్నల్‌కి మెమరీ చదవడానికి ఇవేవీ అవసరం లేదు, కానీ ఇంటర్‌ఫేస్ మాత్రం అదే మిగిలింది.

దీన్ని మార్చాలని మొదట గట్టిగా ఆలోచించింది కూడా యూనిక్స్ వాళ్ళే. ఎనిమిదో ఎడిషన్‌లో టామ్ కిలియన్ ప్రాసెస్‌ని ఫైల్‌గా చూపించే ప్రాక్‌ని పెట్టారు, 1984లో దాని మీద పేపర్ కూడా వచ్చింది. ఫైల్ తెరువు, కావాల్సిన అడ్రస్‌కి సీక్ చెయ్యి, ఎన్ని బైట్లు కావాలంటే అన్ని చదువు. తర్వాత సిస్టమ్ ఫైవ్ రిలీజ్ 4, సొలారిస్ ఆ దారిలోనే వెళ్లాయి.

హెక్స్‌డంప్
సరిగ్గా నేను చెప్పాలనుకున్నదీ అదే. లైనక్స్‌లో ప్రాక్ కింద టార్గెట్ పిఐడీ డైరెక్టరీలో మెమ్ అనే ఫైల్ ఉంటుంది. దాన్ని తెరిచి పీరీడ్‌తో ఆఫ్‌సెట్ దగ్గర వర్చువల్ అడ్రస్ ఇస్తే చాలు, ఒక్క కాల్‌లో మెగాబైట్లు వస్తాయి. ఏ అడ్రసులు చదవొచ్చో పక్కనే ఉన్న మ్యాప్స్ ఫైల్ చెప్తుంది. దీనికి ట్రేసర్ థ్రెడ్ గొడవ లేదు, తెరిచిన ఫైల్‌ని ఏ థ్రెడ్ నుంచైనా చదవొచ్చు. నీ రెండు థ్రెడ్ల డిజైన్‌కి ఇదే సరైనది. జీడీబీ డీబగ్గర్ కూడా లైనక్స్‌లో మెమరీకి ఈ ఫైల్‌నే వాడుతుంది.

ఇంకో దారి ప్రాసెస్_వీఎం_రీడ్‌వీ, 2012 జనవరిలో వచ్చిన 3.2 కెర్నల్ నుంచి ఉంది. చెల్లాచెదురుగా ఉన్న ఎన్నో ముక్కల్ని ఒకే కాల్‌లో తెచ్చుకోవచ్చు, ఫైల్ తెరవక్కర్లేదు. కానీ ఒక తేడా గుర్తుపెట్టుకో. ఇది పేజీ అనుమతుల్ని ఉన్నవి ఉన్నట్టు పాటిస్తుంది. ఎవరైనా ఎంప్రొటెక్ట్‌తో ఒక పేజీకి అన్ని అనుమతులూ తీసేస్తే ఈ కాల్ ఈఫాల్ట్ (చెల్లని అడ్రస్) అంటుంది. అదే పేజీని మెమ్ ఫైల్, పీక్ రెండూ మామూలుగా చదివేస్తాయి. గార్డ్ పేజీల (కావాలని ఏ అనుమతీ లేకుండా ఉంచేవి) దగ్గర నేను ఈ తేడా తెలియక ఒక సాయంత్రం మొత్తం పోగొట్టుకున్నాను.

కంటైనర్_కిట్టు
నాదీ దగ్గరి సమస్యే, ఇక్కడే అడుగుతున్నా. నాకు అటాచే అవ్వట్లేదు, ఈపెర్మ్, అంటే అనుమతి లేదన్న ఎర్రర్, వస్తోంది. టార్గెట్ నా యూజర్ పేరు మీదే నడుస్తోంది. నెట్‌లో వెతికితే యామా అనే సెక్యూరిటీ మాడ్యూల్‌లో పీట్రేస్ స్కోప్ అనే సెట్టింగ్‌ని సున్నా చేయమన్నారు, చేశాను, అయిపోయింది. అలాగే ఉంచేయొచ్చా?

లలిత_కెర్నల్
వద్దండీ, దయచేసి అలా వదిలేయకండి. సున్నా అంటే మీ యూజర్ కింద నడిచే ఏ ప్రోగ్రామైనా మీ యూజర్ కింద ఉన్న దాదాపు ఏ ప్రోగ్రామ్ మెమరీనైనా చదవొచ్చు, రాయొచ్చు. బ్రౌజర్ మెమరీలో మీ సెషన్ కుకీలు ఉంటాయి, ఎస్ఎస్‌హెచ్ ఏజెంట్ మెమరీలో మీ కీలు ఉంటాయి. ఎక్కడి నుంచో దించుకున్న ఒక చిన్న టూల్ తేడాగా ఉంటే చాలు.

మామూలు చెక్ ఇలా ఉంటుంది. టార్గెట్ యూజర్ ఐడీలు మూడూ, అంటే రియల్, ఎఫెక్టివ్, సేవ్డ్, మీ ఐడీతో కలవాలి, గ్రూప్ ఐడీలు కూడా అంతే. లేదా మీకు క్యాప్_సిస్_పీట్రేస్ అనే హక్కు ఉండాలి. టార్గెట్ తనని తాను డంపబుల్ కాదని, అంటే తన మెమరీ బయటికి ఇవ్వొద్దని, చెప్పుకుని ఉండకూడదు. పాస్‌వర్డులు దాచే ప్రోగ్రాములు కొన్ని పీఆర్‌సీటీఎల్ అనే సిస్టమ్ కాల్‌తో అలా చెప్పుకుంటాయి. ఇవన్నీ దాటాక యామా లాంటి సెక్యూరిటీ మాడ్యూల్ అడ్డుపడొచ్చు. స్కోప్ 1 అయితే మీ కింద పుట్టిన ప్రాసెస్‌లకే అటాచ్ అవ్వగలరు, 2 అయితే ఆ హక్కు ఉన్నవాళ్ళకే, 3 అయితే ఎవరికీ లేదు, మళ్ళీ రీబూట్ చేసేదాకా తగ్గించడానికి కూడా కుదరదు. మెమ్ ఫైల్ తెరిచినా, ప్రాసెస్_వీఎం_రీడ్‌వీ పిలిచినా ఇదే చెక్ జరుగుతుంది. పీట్రేస్ వాడట్లేదు కదా, తప్పించుకోవచ్చు అనుకోవద్దు.

మీరు చేయాల్సింది: 1 దగ్గరే ఉంచి, టార్గెట్‌ని డీబగ్గర్ నుంచే మొదలుపెట్టండి. అలా కుదరకపోతే, టార్గెట్ కోడ్ మీదే అయితే పీఆర్‌సీటీఎల్‌లో సెట్ పీట్రేసర్ అనే ఆప్షన్‌తో ఫలానా పిఐడీ నన్ను చూడొచ్చు అని అదే అనుమతి ఇవ్వగలదు.

పేరు చూస్తే మీరు కంటైనర్లలో పని చేసేవారిలా ఉన్నారు. డాకర్ మామూలుగా పెట్టే సెక్‌కాంప్ వడపోత (ఏ సిస్టమ్ కాల్స్ పిలవొచ్చో కట్టడి చేసేది) పాత కెర్నళ్ళ మీద పీట్రేస్‌నే ఆపేస్తుంది, ఎందుకంటే 4.8కి ముందు పీట్రేస్‌తో ఆ వడపోతనే దాటేయొచ్చు.

కంటైనర్_కిట్టు
మళ్ళీ 1 చేసేశాను మేడమ్. డీబగ్గర్ నుంచే లాంచ్ చేస్తే ఏ ఇబ్బందీ లేదు. థాంక్స్.

విండోసైడ్
విండోస్ వైపు ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. అక్కడ అంతా హ్యాండిల్ మీద నడుస్తుంది. ఓపెన్‌ప్రాసెస్ పిలిచి నాకు వీఎం రీడ్ కావాలి, వీఎం రైట్ కావాలి అని అడుగుతావు. టార్గెట్ సెక్యూరిటీ డిస్క్రిప్టర్ ఒప్పుకుంటే ఆ హక్కులున్న హ్యాండిల్ ఇస్తారు. ఇక రీడ్‌ప్రాసెస్‌మెమరీ ఎంత బఫర్‌కైనా ఒకటే కాల్. డీబగ్గర్‌గా అటాచ్ అయి ఉండక్కర్లేదు, టార్గెట్ ఆగి ఉండక్కర్లేదు. కెర్నల్ లోపల చిన్న కాపీ అయితే టార్గెట్ అడ్రస్ స్పేస్‌లోకి కాసేపు మారి ఒక కెర్నల్ బఫర్‌లోకి తెచ్చుకుని, వెనక్కి మారి నీకు ఇస్తుంది. పెద్దదైతే ఆ పేజీల్ని లాక్ చేసి కెర్నల్‌లో మ్యాప్ చేసుకుని కాపీ చేస్తుంది.

కొత్తవాళ్ళు ఎక్కువగా తట్టుకునేది ఎర్రర్ 299, పార్షియల్ కాపీ. నువ్వు అడిగిన రేంజ్ మధ్యలో చదవలేని పేజీ ఉందని అర్థం. ముందు వర్చువల్‌క్వెరీఎక్స్‌తో ఏ పేజీలు ఉన్నాయో చూసుకుని ముక్కలుగా చదువు. వేరే యూజర్ల ప్రాసెస్‌లు తెరవాలంటే డీబగ్ ప్రివిలేజ్ కావాలి. అది అడ్మిన్ టోకెన్‌లో ఉంటుంది కానీ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, నువ్వే ఆన్ చేయాలి. విస్టాతో వచ్చిన ప్రొటెక్టెడ్ ప్రాసెస్‌లు మాత్రం ఆ ప్రివిలేజ్‌కి కూడా లొంగవు.

మ్యాక్‌లో టాస్క్_ఫర్_పిడ్‌తో టార్గెట్ టాస్క్ పోర్ట్ తెచ్చుకోవాలి, అది చేతికొస్తే మాక్ వీఎం కాల్స్‌తో చదవడం, రాయడం, పేజీ అనుమతులు మార్చడం అన్నీ చేయొచ్చు. అందుకే అది ఇవ్వడానికి సిస్టమ్ అంత గట్టిగా పట్టుబడుతుంది. 2015లో ఎల్ కాపిటాన్‌తో సిస్టమ్ ఇంటెగ్రిటీ ప్రొటెక్షన్ వచ్చాక సిస్టమ్ ప్రోగ్రాములకైతే రూట్ యూజర్‌కి కూడా ఇవ్వదు.

చిట్టిడీబగ్గర్
మెమ్ ఫైల్‌కి మారాను, 64 ఎంబీ కన్ను మూసి తెరిచేలోపు వచ్చేస్తోంది. హెక్స్‌డంప్ అన్నా, థాంక్స్.

ఇప్పుడు బ్రేక్‌పాయింట్, అంటే ప్రోగ్రామ్ అక్కడికి రాగానే ఆగే గుర్తు, పెట్టాలి. కోడ్‌లో ఆ చోట ఉన్న బైట్ తీసి దాచి, సీసీ బైట్ రాయాలని తెలుసు, అది ఎక్స్86లో ట్రాప్ ఇన్‌స్ట్రక్షన్. కానీ మ్యాప్స్‌లో చూస్తే కోడ్ పేజీలకి చదవడం, నడపడం మాత్రమే ఉంది, రాసే అనుమతి లేదు. అయినా రాస్తే రాసేసింది! దీంతో నాకు కొత్త టెన్షన్ పట్టుకుంది. ఆ పేజీ డిస్క్ మీద ఉన్న ఎగ్జిక్యూటబుల్ ఫైల్‌దే కదా? ఇప్పుడు ఆ ఫైల్ పాడైపోయిందా? లిబ్‌సీలో, అంటే అందరూ ఉమ్మడిగా వాడే సీ లైబ్రరీలో, బ్రేక్‌పాయింట్ పెడితే, లిబ్‌సీ వాడే ప్రతి ప్రోగ్రామూ అక్కడ ఆగిపోతుందా?

లలిత_కెర్నల్
ఏమీ పాడవలేదు, కంగారు పడకు. మంచి ప్రశ్న ఇది.

డీబగ్గర్ కోసం పేజీ వెతికేటప్పుడు కెర్నల్ తనకి తాను ఫోల్_ఫోర్స్ అనే ఫ్లాగ్ పెట్టుకుంటుంది. రాసే అనుమతి లేకపోయినా, మ్యాపింగ్ ప్రైవేట్ రకం అయితే పర్లేదు, ముందుకు పద అని దాని అర్థం. కోడ్ మ్యాపింగులు ప్రైవేటే. కాబట్టి కెర్నల్ ఉమ్మడిగా ఉన్న ఫైల్ పేజీని ముట్టుకోదు. దాన్ని కొత్త పేజీలోకి కాపీ చేసి, టార్గెట్ పేజ్ టేబుల్‌లో ఆ ఒక్క చోటికి ఈ కాపీని తగిలించి, సీసీని ఈ కాపీలో రాస్తుంది. ఇదే కాపీ ఆన్ రైట్. డిస్క్ మీది ఫైల్, ఆ ఫైల్ వాడుకుంటున్న మిగతా ప్రాసెస్‌లు అన్నీ పాత పేజీతోనే ఉంటాయి. అదే షేర్డ్ మ్యాపింగ్‌లో రాసే అనుమతి లేని పేజీ అయితే, ఆ ఫ్లాగ్ ఉన్నా కూడా కెర్నల్ ఒప్పుకోదు, ఎందుకంటే అక్కడ రాస్తే నిజంగానే అందరికీ కనపడుతుంది.

నమ్మకం కుదరకపోతే ప్రాక్‌లోని స్మ్యాప్స్ ఫైల్‌లో ఆ కోడ్ మ్యాపింగ్ దగ్గర ప్రైవేట్ డర్టీ (ఈ ప్రాసెస్‌కే సొంతమైన, మారిన పేజీలు) ఎంతుందో చూడు. బ్రేక్‌పాయింట్‌కి ముందు, తర్వాత.

దీంతో పాటే ఒక జాగ్రత్త. టార్గెట్ ఫోర్క్ చేస్తే, అంటే తన నకలుగా పిల్ల ప్రాసెస్‌ని పుట్టిస్తే, నీ సీసీలు కూడా పిల్ల ప్రాసెస్‌కి వారసత్వంగా వెళ్తాయి. దాన్ని నువ్వు ట్రేస్ చేయకపోతే మొదటి బ్రేక్‌పాయింట్ తగలగానే సిగ్‌ట్రాప్ సిగ్నల్ వచ్చి చచ్చిపోతుంది. ఫోర్క్ ఈవెంట్ అడిగి పెట్టుకుని, పిల్లని వదిలేసే ముందు అందులోంచి బ్రేక్‌పాయింట్లు తీసేయి.

చిట్టిడీబగ్గర్
చూశాను అక్కా. ముందు 0 కేబీ, ఒక్క బ్రేక్‌పాయింట్ పెట్టగానే 4 కేబీ. అదే పేజీలో ఇంకొకటి పెట్టాను, 4 దగ్గరే ఉంది. దూరంగా ఉన్న వేరే ఫంక్షన్‌లో పెడితే 8 అయింది. మీరు చెప్పింది అలా అంకెల్లో కనపడేసరికి ఎంత తృప్తిగా అనిపించిందో!

ఇంకా చిన్న తప్పు ఒకటి చేశాను, నేనే పట్టుకున్నాను. బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగాక ఆర్ఐపీ (తర్వాత నడిచే ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్ ఉండే రిజిస్టర్) ఒక బైట్ ముందుకి వెళ్లి ఉంటుంది, దాన్ని ఒకటి వెనక్కి జరపకుండా కొనసాగించాను, ప్రోగ్రామ్ సగం ఇన్‌స్ట్రక్షన్ నుంచి మొదలై కూలిపోయింది. ఇప్పుడు ఆర్ఐపీ తగ్గించి, పాత బైట్ పెట్టి, ఒక్క స్టెప్ నడిపి, మళ్ళీ సీసీ రాసి వదులుతున్నాను. నా హెక్స్ వ్యూలో కూడా సీసీలు కనపడుతున్నాయి, వాటి స్థానంలో దాచిన బైట్లు చూపించేలా మార్చాలి.

నిశ్శబ్ద_రీడర్
చాలా కాలంగా చదువుతున్నాను, ఈ ఫోల్_ఫోర్స్ మాట చూసి రాయకుండా ఉండలేకపోయాను. లలిత గారు చెప్పిన "ముందు కాపీ చేసి, తర్వాత కాపీలో రాస్తుంది" అన్న రెండు అడుగుల మధ్య ఖాళీలోనే డర్టీ కౌ అనే సెక్యూరిటీ లోపం పుట్టింది. ఒక థ్రెడ్ తన సొంత మెమ్ ఫైల్ ద్వారా చదవడానికి మాత్రమే ఉన్న పేజీకి రాస్తూ ఉంటుంది, ఇంకో థ్రెడ్ ఎంఅడ్వైజ్ అనే సిస్టమ్ కాల్‌తో ఆ కాపీని పారేయమని పదే పదే చెప్తూ ఉంటుంది. కాపీ చేశాక, రాసే లోపు ఆ కాపీ మాయమైతే పాత కెర్నల్ మళ్ళీ వెతికేటప్పుడు "కాపీ అయిపోయింది కదా" అనుకుని రాసే ఉద్దేశాన్ని వదిలేసి అసలు ఫైల్ పేజీనే పట్టుకునేది, దాంట్లోనే రాసేసేది. మామూలు యూజర్ రూట్‌కి చెందిన ఫైల్‌ని మార్చేయగలిగాడు. 2007 నాటి 2.6.22 నుంచి ఉన్న లోపం, 2016 అక్టోబర్‌లో మూసేశారు.

అంతకు ముందు 2012లో ఇంకోటి. 2.6.39లో మెమ్ ఫైల్‌కి రాయడం అనుమతించారు, కానీ అనుమతి చూసే తీరు బలహీనంగా ఉంది. మెమ్ ఫైల్ తెరిచి, దాన్నే ఎర్రర్ అవుట్‌పుట్‌గా తగిలించి, రూట్ హక్కుతో నడిచే ఎస్‌యూ ప్రోగ్రామ్‌ని ఎగ్జెక్ చేస్తే (అంటే అదే ప్రాసెస్‌లో ఆ కొత్త ప్రోగ్రామ్‌ని మొదలుపెడితే), అది ఎర్రర్ మెసేజ్ అనుకుని రాసిన బైట్లు దాని మెమరీలోనే పడేవి. డీబగ్గర్ కోసం తెరిచిన తలుపు ఇంకెవరికి తెరుచుకుంటుందో చూడడం ఎంత కష్టమో ఈ రెండూ చూశాకే నాకు అర్థమైంది. 2024లో వచ్చిన 6.12 నుంచి ఈ బలవంతపు రాతని మెమ్ ఫైల్ వైపు కట్టడి చేసే బూట్ ఆప్షన్ ఉంది. ఎప్పుడూ ఒప్పుకో, నిజంగా ట్రేస్ చేస్తున్నవాళ్ళకే ఒప్పుకో, అసలొద్దు అని మూడు స్థాయిలు. చిట్టి, నీ టూల్ వేరేవాళ్ళ మెషిన్ మీద బ్రేక్‌పాయింట్ రాయలేకపోతే ఇది గుర్తుచేసుకో, అప్పుడు పీట్రేస్‌తో రాసే పోక్‌కి వెళ్ళు. దానికి ఈ ఆప్షన్ వర్తించదు.

హెక్స్‌డంప్
మెమ్ ఫైల్‌తో టార్గెట్‌ని ఆపకుండానే చదవొచ్చు కాబట్టి హెక్స్ వ్యూ కోసం ఆపడం మానెయ్యమని నా సలహా. ప్రోగ్రామ్ నడుస్తూ ఉండగా విలువలు మారడం చూస్తే ఎంత తెలుస్తుందో.

పాతయూనిక్స్
చూడ్డానికైతే సరే. కానీ పాయింటర్ పట్టుకుని నడవాలంటే మాత్రం ఆపాల్సిందే. నువ్వు ఒక లిస్ట్‌లో నోడ్ చదివి, తర్వాతి నోడ్ అడ్రస్ తీసుకునే లోపు టార్గెట్ దాన్ని ఫ్రీ చేసి అదే చోట ఇంకేదో పెట్టొచ్చు. నువ్వు చెత్తని డేటా అనుకుని చూపిస్తావు, యూజర్ లేని బగ్ కోసం రాత్రంతా వెతుకుతాడు. కెర్నల్ పేజీ దొరుకుతుందని హామీ ఇస్తుంది గానీ, అందులోని విలువలు ఒకదానికొకటి పొంతనగా ఉంటాయని ఇవ్వదు.

హెక్స్‌డంప్
ఒప్పుకుంటాను. ముడి బైట్ల వ్యూ నడుస్తుండగా, స్ట్రక్చర్ వ్యూ ఆపాకే. చిట్టి, రెండూ వేర్వేరు బటన్లుగా పెట్టు.

చిట్టిడీబగ్గర్
అలాగే పెడుతున్నాను అన్నా. చివరిగా రెండు వింతలు. టార్గెట్ ఒక షెల్, అది వేరే ప్రోగ్రామ్‌ని ఎగ్జెక్ చేశాక మెమ్ ఫైల్ చదివితే ఎర్రర్ లేదు, కానీ సున్నా బైట్లు వస్తున్నాయి. పిఐడీ మాత్రం అదే. రెండోది, మ్యాప్స్‌లో వీవార్ అని ఒక మ్యాపింగ్ ఉంది, చదివే అనుమతి ఉన్నట్టే చూపిస్తోంది, చదవబోతే ఈఐఓ ఎర్రర్.

లలిత_కెర్నల్
మొదటిది: ఫైల్ తెరిచిన క్షణంలో ఉన్న ఎమ్ఎమ్‌కే అది కట్టుబడి ఉంటుంది. నిశ్శబ్ద_రీడర్ గారు చెప్పిన 2012 లోపాన్ని మూసినప్పుడే ఇలా మార్చారు. ఎగ్జెక్ జరగగానే ఆ ప్రాసెస్‌కి కొత్త ఎమ్ఎమ్ వస్తుంది, పాతదాన్ని ఎవరూ వాడట్లేదు కాబట్టి ఖాళీ అయిపోతుంది, నీ ఫైల్ మాత్రం ఇంకా పాతదాన్నే చూపిస్తోంది, అందుకే సున్నా. ట్రేస్ ఎగ్జెక్ ఆప్షన్ పెట్టుకో. ఎగ్జెక్ ఈవెంట్ రాగానే ఫైల్ మూసి మళ్ళీ తెరువు, మ్యాప్స్ మళ్ళీ చదువు, పాత బ్రేక్‌పాయింట్ల జాబితా పారేయి, ఆ బైట్లు ఉన్న పేజీలే ఇప్పుడు లేవు.

రెండోది: వీవార్‌లో కెర్నల్ టైమ్ వివరాలు పెట్టి, సిస్టమ్ కాల్ లేకుండా గడియారం చదువుకోమని ప్రతి ప్రాసెస్‌కీ ఇస్తుంది. అవి మామూలు ప్రాసెస్ పేజీలు కావు, పేజీ వెతికే కోడ్ అలాంటి ప్రత్యేక మ్యాపింగుల్ని పట్టుకోనంటుంది. కొన్ని డివైస్ మెమరీ మ్యాపింగులు కూడా ఇంతే. టార్గెట్ తనే చదివితే చదవగలదు, బయటి నుంచి నీకు రాదు. దాన్ని వదిలేసి ముందుకెళ్ళు.

చిట్టిడీబగ్గర్
రెండూ సరిచేశాను. ఎగ్జెక్ తర్వాత హెక్స్ వ్యూ కొత్త ప్రోగ్రామ్‌ని చూపిస్తోంది. చదవలేని మ్యాపింగుల్ని బూడిద రంగులో "బయటి నుంచి చదవడానికి రాదు" అని రాసి వదిలేస్తున్నాను. ఫోర్క్ దగ్గర పిల్లలోంచి సీసీలు తీసే పని ఇంకా మిగిలింది, ఈ రాత్రికి అది మొదలుపెడుతున్నాను. దాని తర్వాత వాచ్‌పాయింట్లు, అంటే ఒక అడ్రస్‌ని ఎవరైనా తాకితే ఆపేవి. ఎక్స్86లో అడ్రస్ పెట్టే డీబగ్ రిజిస్టర్లు నాలుగే ఉన్నాయని చదివాను, ఐదోది అడిగితే యూజర్‌కి ఏం చెప్పాలో ఆలోచించుకుని వేరే థ్రెడ్ తెరుస్తాను.